మూలన పెట్టిన ఛార్జి

మా స్టాఫ్ రూములో ఆరు కుర్చీలు, ఆరుగురు లెక్చరర్లు, ఒక బిస్కెట్ల డబ్బా. డబ్బా ఎవరు తెచ్చినా పంచే హక్కు మాత్రం ఫిజిక్స్ ఆయనదే. మూత తీసి, లెక్కపెట్టి, ఆరుతో భాగించి, మిగిలిన ఒకటో రెండో మళ్ళీ డబ్బాలో వేసి, "అందరికీ సమానంగా వచ్చిందా?" అని అడుగుతాడు. నాకు షుగర్ ఉందని, బిస్కెట్లు తిననని ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నాను. అయినా నా వాటా నా బల్ల మీదికి వస్తుంది. చీమలు తింటాయి. ఆయనకి ఆరోవంతు మాస్టారు అని పేరు పెట్టింది నేనే. ఆ పాపం ఇంకెవరి మీదా తోయను.

నేను కెమిస్ట్రీ చెబుతాను. ఆయన క్లాసుకీ నా క్లాసుకీ మధ్య ఒక చెక్క పార్టిషనే అడ్డం. కాబట్టి ఇరవై ఏళ్ళుగా ఇష్టం ఉన్నా లేకపోయినా ఆయన ఫిజిక్స్ అంతా నా చెవిలో పడుతూనే ఉంది. ఆయన సర్వీసు ఇరవై ఆరేళ్ళు, ఆయన నోట్సు ఒకటే. అట్ట నాలుగుసార్లు మారింది, లోపల అక్షరం మారలేదు. ఆ నోట్సు చూసి ఆయన చెబుతాడు, పిల్లలు రాసుకుంటారు. సందేహం అడిగినవాడికి "ముందు రాసుకో" అని జవాబు. రాసుకున్నాక బెల్లు కొడతారు.

బోర్డు మీద తను రాసిందాన్ని డస్టరుతో తుడవకపోవడం ఆయన గొప్ప. తప్పు రాసేవాడికి కదా డస్టరు కావాల్సింది అంటాడు. బెల్లయ్యాక ఏ పిల్లో వచ్చి తుడవాలి. డస్టరు సుద్దపొడి మీద పడకుండా ఇంటికి వెళ్ళే లెక్చరరు మా కాలేజీలో ఆయనొక్కడే.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాయడం పిల్లలకి ఎంత అలవాటైపోయిందంటే, ఓసారి ఒకమ్మాయి నోట్సు నా కంటబడింది. సంవృత తలం నిర్వచనం మధ్యలో "కిటికీ వేయండి, ఎండ పడుతోంది" అని గుండ్రంగా రాసి ఉంది. పరీక్షలోనూ అలాగే రాసిందట. దిద్దింది ఆయన శిష్యుడే కనుక మార్కులు కూడా వేశాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం వీళ్ళంతా.

ఆ సంవృత తలం సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి, లేకపోతే కథ నడవదు. పుస్తకం భాషలో సంవృత తలం, మన భాషలో అన్ని వైపులా మూసిన పెట్టె. ఒక విద్యుత్ ఛార్జి నుంచి అన్ని దిక్కులకీ గీతలు బయల్దేరతాయని అనుకోండి. పెట్టె గోడల్లోంచి బయటికి పోయిన గీతలు ఎన్ని, లోపలికి వచ్చినవి ఎన్ని, ఆ తేడానే ఫ్లక్స్. ఛార్జి లోపల ఉంటే దాని గీతలన్నీ బయటికి పోవాల్సిందే, పెట్టె చిన్నదైనా, పెద్దదైనా, సొట్టలు పడినదైనా. ఛార్జి బయట ఉంటే ఒక గోడలోంచి దూరిన గీత మరో గోడలోంచి పోతుంది. మొత్తం సున్నా. బయట ఎంత పెద్ద ఛార్జి ఉన్నా పెట్టె లెక్కలోకి రాదు.

ఇంతవరకు ఆయన నోట్సులో వంక పెట్టడానికి లేదు. ఛార్జి సరిగ్గా ఘనం లాంటి చదరపు పెట్టె నడిమధ్యలో ఉంటే ఆరు ముఖాలకీ తలా ఆరోవంతు అని చెబుతాడు, అదీ సరే. అసలు చిక్కంతా ఛార్జిని పెట్టె మూల మీద పెట్టినప్పుడే. ఆ మూల చుట్టూ అలాంటి పెట్టెలు ఎనిమిది చేరిస్తే గాని ఛార్జి పూర్తిగా లోపలికి రాదు కనుక, మన పెట్టె వంతుకి ఎనిమిదోవంతు గీతలు. అదీ ఒప్పే. ఆ తరవాత మాస్టారు గొంతు సవరించుకుని, "పెట్టెకి ముఖాలు ఆరు. కనుక ఒక్కో ముఖానికి అందులో ఆరోవంతు. అంటే మొత్తం మీద నలభై ఎనిమిదోవంతు. గీత గీసి రాసుకోండి," అంటాడు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలు గీత గీసి రాసుకున్నారు. మధ్యలో కూర్చున్నవాడు ఆరు గోడలకీ సమానమే. మూలకి నక్కినవాడు ఎలా సమానమవుతాడో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు ఫిజిక్స్ రాదు.

అడిగింది ఆయన కూతురే.

ఆ ఏడు ఆ పిల్ల మా కాలేజీలోనే, తండ్రి క్లాసులోనే ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో నాన్నా అని, క్లాసులో సర్ అని పిలిచేది. మాటల పొదుపు ఎక్కువ, చూపు మాత్రం వాళ్ళమ్మది. మా యాజమాన్యానికి పన్నెండు కాలేజీలున్నాయి. ఏడాది చివర అన్నింటికీ కలిపి ఒకే పరీక్ష. అందులో మొదటి ముగ్గురికి పరిశోధన సంస్థలో చేరడానికి నేరుగా సీటు ఇస్తారు. అది తప్ప ఆ పిల్లకి మరో ఆశ లేదు. గోడకి ఆ సంస్థ ఫోటో అంటించుకుంది, అదీ పేపరులోంచి కత్తిరించింది, సగం చిరిగింది.

పరీక్షకి పదిహేను రోజుల ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, కిటికీ తెరలు కుట్టించుకోవడానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను. మాస్టారి భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. నేను వదినా అంటాను, ఆవిడా నన్ను వదినా అంటుంది. ఎవరు ఎవరికి వదినో ఎప్పుడూ తేల్చుకోలేదు. ఆవిడ టేపుతో నా గుడ్డ కొలుస్తుంటే, లోపల్నుంచి తండ్రీకూతుళ్ళ వాదన వినబడింది.

"నాన్నా, మూలని ఆనుకుని ఉన్న మూడు ముఖాల్లోంచి గీతలు ఎలా పోతాయి?"

"ఆరు ముఖాలమ్మా. ఆరూ సమానమే."

"సమానం అని ఎవరన్నారు?"

"నోట్సులో ఉంది."

"నోట్సు రాసింది మీరే కదా."

"నేను రాసుకున్నది మా మాస్టారి దగ్గర. ఆయనకి తెలియదంటావా?"

తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళని చూశాను గాని, మాస్టారు పట్టిన కుందేలుని పట్టింది ఇంకెవరో. ఆ పిల్ల ముందుగదిలోకి వచ్చింది. దారపు ఉండలు పెట్టుకునే చదరపు అట్టపెట్టె ఒకటి ఖాళీ చేసి, తల్లి ముందు పెట్టింది.

"అమ్మా, ఒక పొడుగు సూది ఇవ్వు. చూడు, ఇది మూల. సూది మొన ఇక్కడ లోపలికి పెట్టి ఎటు కావాలంటే అటు తోసెయ్యి. ఏ గోడలోంచి బయటికొస్తుంది?"

వదిన కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని సూది గుచ్చింది. ఎదుటి గోడలోంచి వచ్చింది. ఇంకోటి గుచ్చింది, అడుగులోంచి వచ్చింది. మరోటి, రెండో ఎదుటి గోడ. అలా పదో పదిహేనో గుచ్చింది. అన్నీ ఆ మూలకి ఎడంగా ఉన్న మూడు గోడల్లోంచే వచ్చాయి.

"ఈ పక్కగోడలోంచి రప్పించమ్మా."

"దీన్లోంచి ఎలా వస్తుందే? మూల ఈ గోడ మీదే ఉందిగా. సూది గోడ వెంబడి పడుకుంటుంది, లేదా అసలు పెట్టెలోకే రాదు. గుచ్చుకోడానికి చోటేది?" అంది వదిన. తరవాత నా వైపు తిరిగి, "ఇంతకీ తెరలకి అంచు పెద్దది పెట్టనా, చిన్నది పెట్టనా వదినా?" అంది.

ఇరవై ఆరేళ్ళ ఫిజిక్స్ ఆవిడకి రెండు నిమిషాలు పట్టింది, అదీ అంచు సంగతి ఆలోచిస్తూ. మూల్ని ఆనుకున్న మూడు ముఖాల గుండా సున్నా. మిగిలిన మూడింటికీ ఎనిమిదోవంతులో తలా మూడోవంతు, అంటే ఇరవై నాలుగోవంతు. నాకే అర్థమైపోయింది. ఆ ఒక్క సంగతే రుజువు, అది ఎంత తేలికో చెప్పడానికి.

మాస్టారు గడపలో నిలబడి అంతా చూశాడు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. పెట్టె తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు. పక్కగోడ మీద వేలితో గీత లాగి చూశాడు. అర్థమైంది ఆయనకి. అర్థం కాకపోయి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

"పరీక్షకి ఇంకా పదిహేను రోజులే ఉంది," అన్నాడు చివరికి. "ఇప్పుడు క్లాసులో మారిస్తే పిల్లలు కంగారు పడతారు. పరీక్ష అయ్యాక చూద్దాం. నువ్వు కూడా నోట్సులో ఉన్నట్టే రాయి. దిద్దేవాళ్ళంతా నా శిష్యులు."

"తప్పని తెలిసినా రాయాలా?"

"మార్కుల కోసం రాయమంటున్నాను. నమ్మమనలేదు."

ఆ మర్నాడు పార్టిషన్ పక్కన చెవి పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రోజు నేను నా పాఠం చెప్పలేదు, పిల్లలకి ఏదో లెక్క ఇచ్చి కూర్చోబెట్టాను. అవతల రివిజన్ నడుస్తోంది. మూలన ఛార్జి దాకా వచ్చింది. సుద్ద చప్పుడు ఆగింది. డస్టరు చప్పుడు వినబడుతుందేమో అనుకున్నాను. "నలభై ఎనిమిదోవంతు. గీత గీసి రాసుకోండి," అన్నాడు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, ఆరు మార్కులకి. మూలన ఛార్జి ఉన్న ఘనంలో ఒక్కో ముఖం గుండా ఫ్లక్స్ ఎంత? ఆ పిల్ల మూడు ముఖాలకి సున్నా, మూడింటికి ఇరవై నాలుగోవంతు అని రాసింది. పక్కన సూదులతో సహా బొమ్మ గీసింది. ఆరుకి సున్నా వచ్చింది. పన్నెండు కాలేజీల జాబితాలో నాలుగో స్థానంలో నిలబడింది. మూడో స్థానానికి నాలుగు మార్కులు తక్కువ.

అభ్యంతరాలు ఉంటే వారంలోగా రాసివ్వవచ్చని నోటీసు. ఆ పిల్ల రాసిచ్చింది. వాటిని తేల్చడానికి పన్నెండు కాలేజీల నుంచి పన్నెండుమంది ఫిజిక్స్ లెక్చరర్ల కమిటీ కూర్చుంటుంది. అందరిలోకీ పెద్దవాడు కనుక అధ్యక్షుడు మన మాస్టారే. పన్నెండుమందిలో తొమ్మిదిమంది ఆయన శిష్యులు. జవాబుల కీ తయారు చేసినవాడు కూడా ఆ తొమ్మిదిమందిలో ఒకడే. ఎప్పుడూ చెవి మీద పెన్ను పెట్టుకుని తిరుగుతాడని చెవిపెన్ను అంటారు. సమావేశం మినిట్సు రాయడానికి మరో సబ్జెక్టు వాళ్ళుండాలని రూలు. ఆ పని నాకు పడింది.

పొడుగాటి బల్ల, పన్నెండు కుర్చీలు, గోడకి గడియారం, బల్ల మీద పన్నెండు నీళ్ళ గ్లాసులు. మొదటి నాలుగు అభ్యంతరాలు పావుగంటలో కొట్టేశారు. అయిదోది వచ్చింది. కూతురి అర్జీ మీద తండ్రి అధ్యక్షుడుగా కూర్చోకూడదని అక్కడ ఎవరికీ తట్టలేదు. ఆయన కీని కాదంటాడని ఎవరూ అనుకోలేదు మరి.

మాస్టారు లేచి నిలబడ్డాడు. చేతిసంచిలోంచి ఆ అట్టపెట్టె తీశాడు, సూదులతో సహా. "కీ తప్పు," అన్నాడు. "నేను చెప్పింది తప్పు. ఇరవై ఆరేళ్ళుగా తప్పు చెప్పాను."

ఆ మాట అన్నందుకు ఆయన్ని మెచ్చుకున్నాను, దాచను. మూల ఎక్కడ, ముఖాలు ఎక్కడ, సూది ఎటు పోతుంది, అన్నీ చూపించాడు. జీవితంలో మొదటిసారి నోట్సు చూడకుండా పాఠం చెప్పాడు. బాగా చెప్పాడు కూడా.

చెవిపెన్ను ఓపిగ్గా విన్నాడు. తరవాత తన సంచిలోంచి ఒక నోట్సు తీసి బల్ల మీద పెట్టాడు. పదిహేడేళ్ళ నాటిది, అట్ట వేసి భద్రంగా ఉంచుకున్నాడు. పేజీ తిప్పాడు. నలభై ఎనిమిదోవంతు, కింద స్కేలు పెట్టి గీసిన గీత.

"ఇది మీరు చెప్పిందే కదా సర్?"

"నేను చెప్పిందే. తప్పు."

"సూదులతో, దారాలతో ఫిజిక్స్ రాదు, నోట్సుతో వస్తుంది అని కూడా మీరే అనేవారు సర్. అదీ రాసుకున్నాను." చూపించాడు. నిజంగానే రాసుకున్నాడు.

"అదీ తప్పే."

"పోనీ, ఇది తప్పని మీకు ఎప్పుడు తెలిసింది సర్?"

మాస్టారు అబద్ధం ఆడవచ్చు. ఆడలేదు. "పరీక్షకి పదిహేను రోజుల ముందు."

"క్లాసులో చెప్పారా?"

ఆయన నా వైపు చూశాడు. పార్టిషన్ అవతల ఎవరు కూర్చుంటారో ఆయనకి తెలుసు. నేను కాగితంలోకి చూశాను.

"చెప్పలేదు," అన్నాడు.

"అంటే క్లాసులో అందరికీ ఒక జవాబు, ఇంట్లో మీ అమ్మాయికి ఒక జవాబు."

"నేను చెప్పలేదయ్యా. తనే నాకు చెప్పింది. వాళ్ళమ్మ సూది గుచ్చింది."

ఎవరో నవ్వారు. ఒకరు నవ్వితే మిగతావాళ్ళకి ధైర్యం వచ్చింది. నవ్వు అయ్యాక చెవిపెన్ను మర్యాదగానే అన్నాడు, "సర్, మీ మీద మాకు గౌరవం ఉంది. కానీ కూతురి విషయంలో మీరు ఓటు వేయడం బాగుండదు. కాసేపు బయట కూర్చుంటారా?"

మాస్టారు పెట్టె తీసుకుని వరండాలోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు వేశారు. ఇక ఆయన బయట ఉన్న ఛార్జి, ఆయన శాస్త్రం ప్రకారమే లోపలి లెక్కలోకి రాడు. తలుపు వేశాక ఎవరూ ఆ సూదుల గురించి మాట్లాడలేదు. ఫలితాలు మారిస్తే యాజమాన్యం ఏమంటుందో మాట్లాడారు. మూడో స్థానంలో ఉన్న పిల్ల తండ్రి ఎవరో మాట్లాడారు. ఇన్నేళ్ళుగా తమ తమ క్లాసుల్లో తామూ నలభై ఎనిమిదోవంతే చెప్పామని మాత్రం మాట్లాడలేదు. ఒకాయన కాగితం మీద చిన్న పెట్టె గీసి, మూల నుంచి గీతలు లాగి, కాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత అందరితోపాటు చెయ్యెత్తాడు. కీ సరైనదేనని పదకొండు చేతులు లేచాయి. ప్రకృతి ధర్మాన్ని చేతులెత్తి నెగ్గించడం అంతవరకు నేను చూడలేదు.

నాకు ఒళ్ళు మండింది. పెన్ను విసిరికొట్టి, "క్లాసులో ఆయన చెప్పకపోవడం నేనూ విన్నాను, ఇంట్లో ఆ పిల్ల చెప్పడమూ చూశాను, సూది గుచ్చినప్పుడు అక్కడే ఉన్నాను," అనాల్సింది. మినిట్సు రాసేవాళ్ళు మాట్లాడకూడదని రూలు. ఆ రూలు నాకు ఆ రోజు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. "ఏకగ్రీవం" అని రాసి సంతకం పెట్టాను. మాస్టారికి గోడ మీద పిల్లిలాంటి బుద్ధి అని ఇన్నేళ్ళు ఎగతాళి చేసిన నోరు నాది.

తలుపు తీస్తే బెంచీ మీద మాస్టారు సూదులు ఒక్కొక్కటే పెట్టెలోంచి లాగి చొక్కా అంచుకి గుచ్చుకుంటున్నాడు. "వాళ్ళమ్మకి లెక్క ఉంటుంది," అన్నాడు. ఫలితం అడగలేదు.

సీటు ఇంకో పిల్లకి వెళ్ళింది. మాస్టారి కూతురు మామూలు డిగ్రీ కాలేజీలో చేరింది. పోట్లాడలేదు, ఏడవలేదు, గోడ మీది ఫోటో కూడా చింపలేదు. ఒక్కటే మారింది. ఇప్పుడు పాఠంలో సందేహం వస్తే తండ్రిని అడగదు. పుస్తకం తీసుకుని మిషను దగ్గరికి వెళ్ళి వాళ్ళమ్మని అడుగుతుంది. వదినకి సగం మాటలు అర్థం కావు, అయినా మిషను ఆపి వింటుంది. మాస్టారు గడపలో నిలబడి వింటాడు. ఎప్పుడో కుట్టి ఉంచిన తెరలు ఇన్నాళ్ళకి తెచ్చుకోవడానికి నేను వెళ్ళినప్పుడు కూడా అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఎవరింట్లో వాళ్ళకి కుర్చీ వేయాలా అని నేనూ ఊరుకున్నాను.

కొత్త బ్యాచి వచ్చింది. పార్టిషన్ ఇవతల నేను, అవతల ఆయన. ఛార్జి, పెట్టె, మధ్యలో, బయట, అన్నీ అయ్యాయి. మూల వచ్చింది. నలభై ఎనిమిదోవంతు అంటూ బోర్డు మీద రాసిన చప్పుడు వినబడింది. అలవాటు మీద చెయ్యి రాసేసింది కాబోలు. ఆగాడు. ఆ తరవాత బోర్డు మీద బరబరా డస్టరు రుద్దిన చప్పుడు. మా క్లాసులో పిల్లలు కూడా తలలు తిప్పారు. క్లాసు మధ్యలో ఆ గదిలోంచి ఆ చప్పుడు అంతవరకు ఎవరూ వినలేదు.

మొదటినుంచీ చెప్పాడు, మూడు ముఖాలకి సున్నా ఎందుకో, మూడింటికి ఇరవై నాలుగోవంతు ఎందుకో. ఒక పిల్ల లేచి అడిగింది, "సర్, సీనియర్ల నోట్సులో నలభై ఎనిమిది అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?"

నేను చేతిలో సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇరవై నాలుగోవంతు రాయండి," అన్నాడు. "మార్కులు రావు."

ఆ సాయంత్రం ఆ క్లాసు పిల్ల ఒకతె కెమిస్ట్రీ రికార్డుతో పాటు పొరపాటున ఫిజిక్స్ నోట్సు కూడా నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. తెరిచి చూశాను. ఘనం బొమ్మ ఉంది, మూలన చుక్క ఉంది. కింద గుండ్రటి అక్షరాలతో "ఇరవై నాలుగోవంతు. మార్కులు రావు" అని రాసి, స్కేలు పెట్టి గీత గీసి ఉంది.